మేళాలో అందరూ చేతిలోకి తీసుకుని చూస్తున్నారు, కొనట్లేదు. ధరలు తగ్గించాలా?

తీగపూస:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మూడేళ్లుగా రాగి తీగ, వెండి తీగ, రాళ్లు, పూసలతో ఇంట్లోనే నగలు చేస్తున్నాను. ఇన్నాళ్లూ తెలిసినవాళ్లకే ఇచ్చేదాన్ని, వాళ్లు ఇంకొకరికి చెప్పేవాళ్లు, అలా నెలకి నాలుగైదు పోయేవి. పోయిన వారం మొదటిసారి చేతిపనుల మేళాలో స్టాల్ పెట్టాను, రెండు రోజులు. 63 నగలు తీసుకెళితే 9 అమ్ముడయ్యాయి. అందులో 7 చిన్న కమ్మలే.

తొమ్మిదే పోయాయన్న బాధ కంటే ఇంకోటి ఎక్కువ తొలిచేస్తోంది. జనం రాకపోలేదు. వస్తున్నారు, ఆగుతున్నారు, చేతిలోకి తీసుకుని "ఎంత బాగుందో, మీరే చేశారా" అంటున్నారు, అటూ ఇటూ తిప్పి చూస్తున్నారు, మెల్లగా పెట్టేసి వెళ్లిపోతున్నారు. నచ్చక ముందుకెళ్లిపోతే అర్థం చేసుకోగలను. బాగుందని చెప్పి మరీ వదిలేస్తుంటే పొరపాటు ఎక్కడ జరుగుతోందో తెలియట్లేదు. రెండో రోజు మధ్యాహ్నానికి టెన్షన్ వచ్చేసి అడిగినవాళ్లకి అడిగినంత తగ్గించేశాను. ఒక రాగి హారం, పదకొండు గంటల పని, దాదాపు తీగ ఖర్చుకే ఇచ్చేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పక్క స్టాల్‌లో మెషీన్ మీద చేసిన నగలు నా ధరలో నాలుగో వంతుకే అమ్ముతున్నారు, అక్కడ ఊపిరాడనంత జనం. ఇంకో సంగతి కూడా మనసులోంచి పోవట్లేదు. ఒకావిడ కమ్మల జత పట్టుకుని "చెవి దురద పెట్టదు కదా" అని అడిగారు. "పెట్టదండి" అన్నాను. ఆవిడ ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, కమ్మలు ఉన్నచోటే పెట్టేసి వెళ్లిపోయారు.

ఆరు వారాల్లో ఇంకో మేళా ఉంది, అద్దె కట్టేశాను. ధరలు తగ్గించాలా, లేక నా పనిలోనే ఏదైనా లోపం ఉందా? ఉన్నదున్నట్టు చెప్పండి.

నాలుగడుగులబల్ల:

తొమ్మిదేళ్లుగా మేళాల్లో అమ్ముతున్నాను, ముందు ధర సంగతి పక్కన పెట్టమని చెబుతాను. చేతిలోకి తీసుకున్నారంటే నగ నచ్చినట్టే. తీసుకోవడానికీ పెట్టేయడానికీ మధ్య ఏదో అడ్డొచ్చింది, అదేంటో పట్టుకోవాలి.

నాకు తెలిసి ఎక్కువసార్లు అడ్డొచ్చేది ధర ఎక్కువగా ఉండటం కంటే ధర తెలియకపోవడం. మీ నగలకి ధర చీటీలు ఉన్నాయా? ఉంటే ఎటు తిరిగి ఉన్నాయి? మేళాలో ఒకసారి కొనేవాళ్ల చేతులనే చూస్తూ నిలబడండి. కమ్మల కార్డు తీస్తారు, వెంటనే వెనక్కి తిప్పుతారు. ధర కోసమే ఆ తిప్పడం. అక్కడ ఏమీ లేకపోతే కళ్లు ఎత్తి మీ వైపు చూస్తారు, మీరు ఇంకొకరితో మాట్లాడుతుంటే గట్టిగా అడగడానికి మొహమాటపడతారు, అడిగాక కొనకుండా వెళ్తే బాగోదేమోనని ఇంకాస్త సంకోచిస్తారు, చివరికి "బాగుందండి" అని పెట్టేసి వెళ్లిపోతారు. మీరు చెప్పిన "బాగుంది" అదే అయి ఉండొచ్చు. కార్డు మీద కింద, చేతితో రాసినా సరే, దూరం నుంచి కనిపించేంత పెద్ద అంకెలతో ధర రాయండి. హారాలకి చిన్న దారంతో చీటీ కట్టి, రాసిన వైపు పైకి ఉండేలా చూడండి.

రెండోది అద్దం. ఎన్ని పెట్టారు? నగ కొనేవాళ్లకి అది తమ మొహం పక్కన కనబడాలి. అరచేతిలో కమ్మ చూసి ఊహించుకోగలిగేవాళ్లు తక్కువ. చేతిలో పట్టుకునే చిన్న అద్దం ఒకటి సరిపోదు. బల్లకి ఒక పక్కన మొహమూ మెడా కనిపించే అద్దం నిలబెట్టి, దాని మీద వెలుగు పడేలా చూసుకోండి. కమ్మలని చెవికి పెట్టి చూడనివ్వొద్దు, అది శుభ్రతకి సంబంధించిన విషయం. కార్డుతో సహా చెవి పక్కన పట్టుకుని అద్దంలో చూసుకోమనండి. అద్దంలో తలని పక్కకి తిప్పి రెండోసారి చూసుకున్నారంటే ఆ జత చాలావరకు వెళ్లిపోయినట్టే.

మూడోది బల్ల. బల్ల మన నడుము దగ్గర ఉంటుంది. నగలన్నీ దాని మీద పడుకోబెడితే నిలబడి ఉన్న మనిషికి తళతళలాడే ఒక చాపలా కనిపిస్తుంది తప్ప ఏ ఒక్కటీ ఆగమని పిలవదు. చెక్క పెట్టెలో, బట్ట చుట్టిన అట్టపెట్టెలో పెట్టి వెనక వరసని బల్ల మీద నుంచి 30, 40 సెంటీమీటర్లు లేపండి. హారాలు మెడ బొమ్మల మీద నిలువుగా ఉండాలి. 63 నగలు ఒకేసారి పరవొద్దు. 35, 40 చాలు, మిగతావి బల్ల కింద పెట్టెలో ఉంచండి, ఒకటి పోయినప్పుడు ఆ ఖాళీలో ఇంకొకటి పెట్టండి.

ఇంకా ఒకటి అడగాలి, ఏమీ అనుకోకండి. జనం వచ్చినప్పుడు మీరు ఎక్కడ ఉన్నారు? కూర్చునా, నిలబడా?

రంగుపూసలు:

నేనైతే కొన్నిటికి ధర తగ్గించమనే అంటాను. అన్నిటికీ వద్దు. మేళాకి వచ్చేవాళ్లలో చాలామంది పెద్దది కొనాలని రారు, తిరుగుతూ తిరుగుతూ చిన్నదేదైనా నచ్చితే తీసుకుంటారు. ఆలోచించకుండా కొనేసేంత ధరలో పది పదిహేను రకాలు ఉంటే పొద్దున్నే బోణీ అవుతుంది, ఒకరు కొంటుంటే ఇంకో ఇద్దరు ఆగుతారు. మీవి పోయిన తొమ్మిదిలో ఏడు చిన్న కమ్మలే అన్నారు, మీ ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది కదా.

కొలిమిపక్క:

వెండి పని చేసేవాడిని. అందరూ బల్ల గురించి చెబుతున్నారు, నేను ఆ దురద అడిగినావిడ దగ్గరే ఆగిపోయాను.

ఆవిడకి ఇంతకుముందు చెవి పుండయి ఉంటుంది. అలాంటివాళ్లు అడిగే ప్రశ్నకి "పెట్టదండి" అన్నది జవాబుగా వినిపించదు. ఎందుకు పెట్టదో చెబితేనే నమ్ముతారు. మీ కమ్మల కొక్కేలు ఏ లోహం? ఆ మాట మీ పోస్టులో ఎక్కడా లేదు. కమ్మకి వేలాడే పూస ఎంత మంచిదైనా చెవి రంధ్రంలో రోజంతా ఉండేది కొక్కెమే.

చెవికి పడని లోహాల్లో ఎక్కువగా కనిపించేది నికెల్. తక్కువ ధరలో దొరికే కొక్కేల్లో పూత కింద నికెల్ ఉండటం మామూలే, పూత అరిగిన రోజు నుంచి దురద మొదలవుతుంది. ఐరోపా నిబంధనల్లో చెవి, ముక్కు రంధ్రాల్లో పెట్టే భాగం నుంచి వారానికి చదరపు సెంటీమీటరుకి 0.2 మైక్రోగ్రాములకి మించి నికెల్ బయటికి రాకూడదని ఉంది. చర్మానికి ఎక్కువసేపు తాకుతూ ఉండే మిగతా నగలకి ఆ హద్దు 0.5. రంధ్రంలో పెట్టేదానికి అంత పట్టింపు ఎందుకో దీన్నిబట్టే అర్థం చేసుకోవచ్చు. జర్మన్ సిల్వర్ పేరులో వెండి ఉంది గానీ లోహంలో లేదు, అది రాగి, నికెల్, జింకు కలిపింది. దాంతో కొక్కెం చేసి వెండి రంగులో ఉంది కదా అని అమ్మితే కొన్నావిడ చెవి రెండు రోజుల్లో ఎర్రబడొచ్చు.

సర్జికల్ స్టీలు కొక్కేలు వాడేవాళ్లు కార్డు మీద "నికెల్ లేదు" అని రాస్తుంటారు. అదీ నిజం కాదు. సర్జికల్ స్టీలుగా వాడే 316ఎల్ రకంలో 10 నుంచి 14 శాతం నికెల్ ఉంటుంది. అది లోహంలోనే బిగుసుకుని ఉండి చాలా తక్కువగా బయటికి వస్తుంది కాబట్టి చాలామందికి పడుతుంది, అంతే. బాగా సున్నితమైన చెవులకి టైటానియం, నయోబియం అనే లోహాలు మంచివి. నయోబియం తీగ మెత్తగా ఉంటుంది, మనమే కొక్కేలు వంచుకోవచ్చు.

మీ దగ్గర ఉన్నవాటిని పరీక్షించుకోవచ్చు. నికెల్ పరీక్ష ద్రవం చిన్న సీసాల్లో దొరుకుతుంది. దూది పుల్లకి రెండు చుక్కలు వేసి కొక్కేన్ని అర నిమిషం రుద్దండి. దూది గులాబీ రంగుకి తిరిగితే నికెల్ బయటికి వస్తున్నట్టు. పూత మీద రుద్దితే తేలకపోవచ్చు, అందుకే ఒక కొక్కెం మీద ఆకురాయితో కొంచెం గీసి, లోపలి లోహం కనిపించాక అక్కడ రుద్దండి.

చివర్లు కూడా చూసుకోండి. తీగ కటర్‌తో కత్తిరించిన కొన చూడటానికి బాగానే ఉంటుంది, వేలి చివర మీద జరిపి చూస్తే పట్టుకుంటుంది. ఆ గరుకుని చెవిలోకి తోస్తే ఏ లోహమైనా గాయమే. 0.8 మిల్లీమీటర్ల తీగ కొక్కేలకి సరిపోతుంది, కొనని గుండ్రంగా అరగదీసి, సన్నటి గరుకు కాగితంతో (శాండ్‌పేపర్) నున్నగా చేసి, మీ చెవికే ఒక రోజంతా పెట్టుకుని చూసి అప్పుడు అమ్మండి.

తీగపూస:

నాలుగడుగులబల్ల గారూ, మీరు అడిగినవన్నీ చదువుతుంటే నా స్టాల్ మీరు పక్కనుంచి చూశారేమో అనిపించింది. ధరలు ఒక కాగితం మీద రాసి నా దగ్గర పెట్టుకున్నాను, నగల మీద రాస్తే అందం పోతుందనుకున్నాను. అద్దం చేతిలో పట్టుకునేది ఒక్కటే. బల్ల చదునుగానే ఉంది, నల్ల బట్ట పరిచి అన్నీ దాని మీదే పెట్టాను. నేను వెనక కుర్చీలో కూర్చున్నాను. ఎవరైనా వస్తే వాళ్లని ఇబ్బంది పెట్టకూడదని తల దించుకుని ఫోను చూసుకునేదాన్ని, మీద పడి అమ్ముతున్నట్టు ఉండకూడదని.

కొలిమిపక్క గారూ, కొక్కేలు ప్యాకెట్‌లో కొన్నవి. ప్యాకెట్ మీద లోహం పేరు లేదు. తెలియకుండానే "పెట్టదండి" అన్నాను. ఆ కొక్కేలతో ఏడు జతలు అమ్మాను, ముగ్గురి ఫోను నంబర్లు ఉన్నాయి. వాళ్లకి చెప్పి మార్చి ఇస్తాను. మిగతా వాళ్లని ఎలా పట్టుకోవాలో తెలియట్లేదు.

లెక్కలపుస్తకం:

ధర గురించి ఎవరూ గట్టిగా మాట్లాడలేదు కాబట్టి నేను చెబుతాను. రంగుపూసలు గారి మాటలో చిన్నవి ఎక్కువ పెట్టమన్నంతవరకు నేనూ ఒప్పుకుంటాను, ఉన్న నగ ధర తగ్గించడం మాత్రం వద్దు. ఆ రెండూ వేరు.

ఒక కమ్మల జత ధరని వంద పాళ్లు అనుకోండి. తీగ, రాళ్లు 20. మీ పని 40. స్టాల్ అద్దెలో దాని వాటా 15. కార్డు, డబ్బా, రానుపోను కలిపి 10. విరిగినవి, కుదరక పక్కన పడేసినవి 5. మిగిలిన 10 మళ్లీ తీగ కొనడానికి. మీ లెక్క వేరేగా ఉండొచ్చు, ఉదాహరణకి చెబుతున్నాను. ఎవరో బేరమాడితే 25 పాళ్లు తగ్గించారు. తీగ అమ్మినవాడు తగ్గించడు, మేళా వాళ్లు అద్దె తగ్గించరు. ముందు ఆ మిగిలిన 10 పోతుంది, తర్వాత 15 మీ పనిలోంచి పోతుంది. అంటే మీ కష్టంలో మూడో వంతుకి పైగా వాళ్లకి ఊరికే ఇచ్చారు. పదకొండు గంటల హారం విషయంలో జరిగింది మొత్తం అదే.

అద్దె వాటా దగ్గర మొదటిసారి స్టాల్ పెట్టేవాళ్లు పొరబడతారు. తీసుకెళ్లిన 63తో భాగిస్తారు. అద్దె కట్టేది అమ్ముడైన నగలు, పెట్టెలో తిరిగొచ్చినవి కాదు. మీ లెక్కలో దాన్ని 9తో భాగించాలి. ఒకసారి అలా భాగించి చూడండి, ఎక్కువ ధర పెట్టాననుకుంటున్న మీరే తక్కువ పెట్టానేమో అనుకుంటారు. రెండో మేళాకి 20 పోతాయని అంచనా వేసుకుని 20తో భాగించి ధర కట్టండి, అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు.

పని గంటలు కొలిచారా? ఊహించి చెప్పే గంటలు ఎప్పుడూ తక్కువే ఉంటాయి. ఒకే రకం కమ్మలు పది జతలు గడియారం పెట్టుకుని చేయండి. ఒక్కో జత మొదలుపెట్టి పూర్తి చేయడం కంటే, పది జతల తీగ ఒకేసారి కత్తిరించి, అన్నీ ఒకేసారి వంచి, అన్నిటికీ ఒకేసారి పూసలు గుచ్చితే జతకి పట్టే సమయం బాగా పడిపోతుంది. చిన్న నగల ధర తగ్గాలంటే మీ గంట విలువ తగ్గించుకోకుండా తగ్గే దారి ఇదొక్కటే. పక్క స్టాల్ మెషీన్ నగల ధరతో పోటీకి మాత్రం దిగకండి, అక్కడ గంటలే లేవు.

బేరం అడిగితే కోపం తెచ్చుకోకుండా, నసగకుండా, ఒకే మాట చెప్పండి. "ఇది చేయడానికి ఇంత సమయం పట్టిందండి, ధర ఇదే. ఇంకొంచెం తక్కువలో కావాలంటే ఇవి చూడండి" అని చిన్నవి ఉన్న వైపు చూపించండి.

రంగుపూసలు:

లెక్కలపుస్తకం గారు చెప్పింది ఒప్పుకుంటాను, నేను "కొన్నిటికి తగ్గించండి" అని సరిగ్గా చెప్పలేదు. నా ఉద్దేశం తక్కువ పని పట్టేవి కొత్తగా చేయమని. నేను పెద్ద హారంలో వాడిన రాళ్లలో మిగిలినవి పక్కన పెట్టి, ఒక్కో రాయితో సాదా లాకెట్టు చేస్తాను. హారం చూసి మనసుపడి కొనలేనివాళ్లు అదే రాయి ఉన్న లాకెట్టు తీసుకెళ్తారు. రెండూ పక్కపక్కనే పెట్టాలి, అది ముఖ్యం.

ఆ పదకొండు గంటల హారం లాంటిది ఎప్పుడూ ఒకటి మధ్యలో ఎత్తుగా పెట్టండి. అది ఆ రోజు పోకపోయినా దాన్ని చూసే జనం ఆగుతారు.

నాలుగడుగులబల్ల:

తల దించుకుని ఫోను చూడటం గురించి. మీరు మర్యాద కోసం చేశారు, అవతలివాళ్లకి మాత్రం "ఈవిడకి మనం రావడం ఇష్టం లేదు" అన్నట్టు ఉంటుంది. అలాగని ఎదురెళ్లి "ఏం కావాలండి" అన్నా బెదిరి పోతారు. నాకు పనికొచ్చిన మార్గం ఒకటే, చేతిలో పని పెట్టుకోవడం. పటకారు, తీగ తీసుకుని ఎత్తు స్టూలు మీద కూర్చుని, మన కళ్లు వాళ్ల కళ్లకి దాదాపు సమానంగా ఉండేలా చూసుకుని, సులువైన పని ఏదైనా చేస్తూ ఉండండి. జనం ముందు మీ వేళ్లు చూస్తారు, తర్వాత బల్ల చూస్తారు. మీరు తలెత్తి ఒక నవ్వు నవ్వి మళ్లీ పనిలో పడితే వాళ్లకి నిలబడి చూసే స్వేచ్ఛ ఉంటుంది. ఒక నగ తీశాక అప్పుడు మాట్లాడండి, అదీ ఆ నగ గురించే. "ఆ రాయికి వెనక చిన్న మచ్చ ఉంది చూడండి, అది కనబడాలనే తీగ అక్కడ వదిలేశాను." ఇలాంటి మాట మెషీన్ నగ అమ్మేవాళ్లు చెప్పలేరు.

రాళ్ల సంగతి వచ్చింది కాబట్టి, మీరు టర్కాయిస్ (నీలి ఆకుపచ్చ రాయి) అని అమ్ముతున్నవి ఉంటే పరీక్షించుకోండి. హౌలైట్ అనే తెల్లరాయికి నీలం రంగు వేసి ఆ పేరుతో అమ్మడం చాలా ఎక్కువ. నెయిల్ పాలిష్ తీసే అసిటోన్‌లో దూది ముంచి రాయి వెనక రుద్దితే రంగు దూదికి అంటుకుంటుంది. రంగు వేసిన హౌలైట్ అమ్మడం తప్పేమీ కాదు, అందంగానే ఉంటుంది. "రంగు వేసిన హౌలైట్" అని కార్డు మీద రాసి అమ్మండి.

కొలిమిపక్క:

కొక్కేలు మార్చి ఇస్తానన్నందుకు సంతోషం. నంబర్లు లేనివాళ్ల కోసం రెండో మేళాలో బల్ల మీద ఒక చీటీ పెట్టండి, "పోయిన మేళాలో మా దగ్గర కమ్మలు కొన్నవాళ్లకి కొక్కేలు ఉచితంగా మార్చి ఇస్తాం" అని. వాళ్లు రాకపోయినా చదివినవాళ్లకి మీరెలాంటివారో తెలుస్తుంది.

నల్ల బట్ట అన్నారు, ఏ బట్ట? ఉన్ని బట్ట అయితే వెండిని దాని మీద ఉంచకండి. ఉన్నిలో గంధకం ఉంటుంది, రబ్బరులోనూ ఉంటుంది. వెండి నల్లబడేది గంధకంతోనే. రబ్బరు బ్యాండుతో కట్టి ఉంచిన వెండి గొలుసుకి సరిగ్గా ఆ బ్యాండు తాకిన చోట నల్లటి గీత పడటం నేను చూశాను. నూలు బట్ట వాడండి, మేళా లేని రోజుల్లో ఒక్కో నగని విడిగా జిప్ కవర్లో గాలి తీసేసి పెట్టండి. వెండి అని అమ్మేటప్పుడు 925 అంటే ఏంటో చెప్పగలగాలి. వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి, మిగతా 75 మామూలుగా రాగి. స్వచ్ఛమైన వెండి మెత్తగా ఉండి నగగా నిలవదు కాబట్టి అలా కలుపుతారు. ఈ ముక్క చెప్పి, నల్లబడితే ఎలా తుడవాలో చిన్న కాగితం మీద రాసి డబ్బాలో పెట్టి ఇవ్వండి. రాగి నగలకి కూడా, చెమట తగిలితే చర్మం మీద పచ్చటి మరక పడొచ్చనీ, సబ్బుతో కడిగితే పోతుందనీ ముందే చెప్పండి. ముందే చెప్తే అది సమాచారం, కొన్నాక తెలిస్తే మోసం.

గాలివాటం:

రెండో మేళా ఆరుబయట అయితే ఇవి గుర్తుంచుకోండి. కమ్మల కార్డులు ఒక్క గాలికి ఎగిరిపోతాయి, వాటిని గుచ్చే చట్రం కింద బరువు ఉండాలి. గుడారం వేస్తే ఒక్కో కాలుకి కనీసం 15, 20 కిలోల బరువు కట్టండి, గాలి లేని రోజు కూడా. రెజిన్‌తో (అచ్చులో పోసి గట్టిపరిచే ప్లాస్టిక్ లాంటిది) చేసినవి ఎండలో పెట్టకండి, వేడికి మెత్తబడతాయి, ఎండ తగిలేకొద్దీ పసుపుపచ్చ అవుతాయి. అమెథిస్ట్ అనే ఊదా రాయి రంగు కూడా ఎక్కువ ఎండకి వెలిసిపోతుంది. లోపల అయితే దీపాలు మీవి మీరు తీసుకెళ్లండి. పసుపు వెలుగులో వెండి మురికిగా కనిపిస్తుంది, 4000 కెల్విన్ (వెలుగు రంగుని చెప్పే కొలత) చుట్టుపక్కల ఉన్న తెల్ల వెలుగు వాడండి. చిల్లర ముందు రోజే సిద్ధం చేసుకోండి, ఫోను సిగ్నల్ పోతే క్యూఆర్ కోడ్ ఏమీ చేయలేదు.

వెళ్లేముందు ఇంట్లో నేల మీద బల్ల కొలతకి టేపు అంటించి మొత్తం స్టాల్ ఒకసారి సర్దండి. ఫొటో తీసుకోండి. మేళా పొద్దున హడావిడిలో ఆ ఫొటో చూసి సర్దుకుంటే సగం సమయమే పడుతుంది.

తీగపూస:

ఏడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. పోయిన వారమే రెండో మేళా అయిపోయింది.

ముందు కొక్కేల సంగతి. పరీక్ష ద్రవం తెప్పించి ప్యాకెట్‌లోవి రుద్దాను. పూత మీద ఏమీ రాలేదు. గీసి రుద్దితే దూది చివర లేత గులాబీ అయింది. కాసేపు ఆ దూది పుల్ల పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ఉన్నవన్నీ తీసేసి నయోబియం తీగ కొని నేనే వంచుకున్నాను, మొదటి పాతిక సరిగ్గా రాలేదు, రెండూ ఒకే వంపు రావడానికి కలం గొట్టం చుట్టూ తిప్పి అలవాటు చేసుకున్నాను. ఆ ముగ్గురికీ ఫోను చేసి చెప్పాను. ఒకావిడకి అప్పటికే చెవి ఎర్రబడిందట. మార్చి ఇచ్చాను, క్షమించమని అడిగాను.

ఈసారి 40 పెట్టాను, 38 లోపల ఉంచాను. 21 పోయాయి. ధర చీటీలు కట్టాను, పెద్ద అద్దం నిలబెట్టాను, ధర ఒక్కదానికీ తగ్గించలేదు, గంటలు కొలిచాక మూడింటికి పెంచాను కూడా. రంగుపూసలు గారూ, మీరు చెప్పిన ఒక్క రాయి లాకెట్లే 8 పోయాయి. పెద్ద హారం పోలేదు, కానీ అలాంటిదే ఇంకో రాయితో కావాలని ఒకరు ఆర్డరు ఇచ్చి సగం డబ్బు ముందే కట్టారు.

దురద ప్రశ్న ఈసారి ముగ్గురు అడిగారు. కొక్కెం ఏ తీగో చెప్పి, ఎందుకు మార్చానో కూడా చెప్పాను. చెప్తే ఉన్న నమ్మకం కూడా పోతుందేమోనని లోపల భయంగానే ఉండింది. ఇద్దరు కొన్నారు. మూడో ఆవిడ కొనలేదు, కానీ చాలాసేపు నిలబడి తన చెల్లెలి చెవుల గురించి మాట్లాడి నంబరు తీసుకుని వెళ్లారు.

ఇప్పుడు కొత్త ప్రశ్న. మొదటి మేళాలో రాగి గొలుసు కంకణం కొన్నాయన దాన్ని తీసుకుని వచ్చారు, ఒక రింగు తెరుచుకుని ఊడిపోయింది. అక్కడే బిగించి ఇచ్చాను. మళ్లీ ఊడుతుందేమోనని భయంగా ఉంది. తీగ 0.8, రింగు లోపలి వెడల్పు 6 మిల్లీమీటర్లు. ఏం చేయాలి?

కొలిమిపక్క:

ఆ తీగకి ఆ రింగు మరీ పెద్దది. అదే తీగతో లోపల 3, 3.5 మిల్లీమీటర్లు ఉండేలా చుడితే చాలా గట్టిగా ఉంటుంది, లేదా 6 కావాలంటే తీగ 1.2కి పెంచండి. తీగని కాల్చి మెత్తబరిచి చుట్టారా? అలా చేస్తే రింగు వేలితో లాగినా తెరుచుకుంటుంది. కాల్చని గట్టి తీగతో చుట్టండి.

రింగుని రెండు పటకార్లతో పట్టుకుని చివరలని పక్కకి తిప్పి తెరవాలి, పక్కకి తిప్పే మూయాలి, వెడల్పుగా లాగి తెరిస్తే గుండ్రం పోయి మళ్లీ సరిగ్గా కలవదు. రెండు చివరలూ ఒకదాన్ని ఒకటి కొంచెం దాటేలా తిప్పి వెనక్కి తీసుకొస్తే తాకినప్పుడు చిన్న టక్ మని చేతికి తెలుస్తుంది. దీపం ముందు పట్టుకుని చూడండి, సందులోంచి వెలుగు కనిపించకూడదు. కంకణం చేతికి తగులుతూ లాగుతూ ఉంటుంది కాబట్టి కొక్కెం పక్కన ఉండే రెండు రింగులకైనా టంకం పెట్టండి. ఆయన కంకణం వెనక్కి తెప్పించుకోగలిగితే ఊడిన ఒక్కదాన్నే కాకుండా అన్ని రింగులూ మార్చి ఇవ్వండి, అన్నీ ఒకే తీగతో చేశారు కదా.

తీగపూస:

కాల్చే చుట్టానండి. ఆయన నంబరు ఉంది, ఇప్పుడే ఫోను చేస్తాను.